పాట మిగిలింది, కాగితం మిగలాలి

కామవరపుకోట దాటి జీలకర్రగూడెం వైపు వెళ్తే గుంటుపల్లి కొండ వస్తుంది. మా చింతలపూడి మెట్టవాళ్లకు అది పొరుగూరి కిందే లెక్క. రెండు వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు రాతిని తొలిచి చేసుకున్న గుహలు అక్కడున్నాయి. ఆ కొండ మీద దొరికిన శాసనంలో మహామేఘవాహన వంశపు రాజు సిరిసద పేరు కనిపిస్తుంది. ఇటు కొల్లేటిలో దొరికిన రాగిరేకులు శాలంకాయన నందివర్మ ఇచ్చిన దానం సంగతి చెప్పాయి. ఎవరు ఇచ్చారో, ఎవరికి ఇచ్చారో, అంత పాత మాట ఈ నేల మీద ఇంకా చదవగలం. అదే నేల మీద నిలబడి 1921లో రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాష్ తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఎలా ఉండేదని అడిగితే చూపించడానికి ఒక్క అడుగు ఫిల్ము లేదు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో సురభి కమలాబాయి గొంతు ఎలా పలికిందంటే వినిపించడానికి ఒక్క నిమిషం శబ్దం లేదు. రాయి నిలిచింది, రాగి నిలిచింది. మన తాతల కళ్లముందు ఆడిన బొమ్మ నిలవలేదు.

ఈ మాట అంటే చాలామంది ఊరడిస్తారు. సినిమా పోతే పోయింది, పాట జనం నోట బతుకుతూనే ఉంది కదా అంటారు. అది నిజమే. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా ఏ పెళ్లిపందిట్లో నిలబడినా అరవై, డెబ్బై ఏళ్ల కిందటి పాట తప్పకుండా వినిపిస్తుంది. పాడేవాళ్లకు సినిమా పేరు తెలుసు, నటుడి పేరు తెలుసు, గాయకుడి పేరూ తెలుసు. ఆ పాటలో వేణువు ఎవరు ఊదారో, రెండో చరణం మొదట ఎలా రాసి కొట్టేశారో, ఆ సన్నివేశాన్ని కాగితం మీద ముందుగా ఎవరు ఊహించారో అడిగితే మాత్రం జవాబు ఉండదు. జ్ఞాపకం పాటను దాచుకుంటుంది గానీ పాట వెనకున్న పనిని దాచుకోదు. ఆ పనిని దాచేది కాగితం. అందుకే సినిమా, సంగీతం తాలూకు రాతప్రతులు, పాటల పుస్తకాలు, కరపత్రాలు, ఫొటోలు, గ్రామఫోను రికార్డులు దాచే చోట్లు మనకు కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

సినిమాలు ఎందుకు పోయాయో తెలుసుకుంటే ఈ నమ్మకం ఇంకా బలపడుతుంది. 1950ల తొలినాళ్ల దాకా సినిమాలు నైట్రేట్ ఫిల్ము మీద తీసేవారు. దానికి నిప్పంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. మండడానికి కావలసిన ఆక్సిజన్ అందులోనే ఉంటుంది. పుణెలో నైట్రేట్ రీళ్లు ఉంచిన గిడ్డంగిలో 2003లో మంటలు లేచి ఎన్నో పాత చిత్రాలు బూడిదయ్యాయి. తర్వాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము అంత తేలిగ్గా మండదు గానీ, వేడికీ తేమకూ లోపల్లోపల కుళ్లుతుంది. డబ్బా మూత తీయగానే వెనిగర్ పుల్లటి వాసన గుప్పుమంటుంది. ఆ వాసన వచ్చిందంటే ఫిల్ము ముడుచుకుపోవడం మొదలైందన్నమాట. మన ఎండలూ, వానాకాలం ముసురూ ఆ పనిని మరింత త్వరగా చేసేస్తాయి. మనుషులు చేసింది వేరే ఉంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో వెండి ఉంటుంది. ఆట ముగిసిన ప్రింట్లను ఆ వెండి కోసం కరిగించారు. మన దేశంలో తీసిన మూకీలు పదమూడు వందలకు పైనే ఉండగా, పూర్తిగానో ముక్కలుగానో ఇవాళ మిగిలినవి ముప్పైలోపే.

రీలు పోయినచోట కాగితం ఏం చేయగలదో చెప్పడానికి ‘భక్త ప్రహ్లాద’ కథే చాలు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకాన్ని తీసుకుని, సురభి నటులతో, చందాల కేశవదాసు పాటలతో హెచ్.ఎం. రెడ్డి తీసిన చిత్రమది. అది 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని దశాబ్దాల పాటు అందరూ రాశారు, ఆ రోజున పండుగలు చేశారు. పాత్రికేయుడు రెంటాల జయదేవ ఆనాటి పత్రికల ప్రకటనలు, సెన్సార్ వివరాలు వెతికి ఆ తేదీ సరికాదని నిరూపించారు. చిత్రానికి 1932 జనవరి 22న సెన్సార్ జరిగింది. ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా హాల్లో విడుదలైంది. సినిమా లేదు, తీసినవాళ్లూ లేరు. ఎక్కడో ఎవరో పారేయకుండా ఉంచిన పత్రికల కట్ట మాత్రం మన టాకీ పుట్టినరోజును సరిదిద్దింది.

ఆ చిత్రంలో చిన్న వేషం వేసినవాళ్లలో మన ఏలూరు పక్క సోమవరప్పాడు అబ్బాయి ఒకడున్నాడు. పేరు అక్కినేని లక్ష్మీవర ప్రసాదరావు. లోకానికి ఎల్.వి. ప్రసాద్. హిందీ తొలి టాకీ ‘ఆలం ఆరా’లో ఉన్నాడు, తమిళ తొలి టాకీ ‘కాళిదాస్’లో ఉన్నాడు, తెలుగు తొలి టాకీలోనూ ఉన్నాడు. మూడు భాషల సినిమాకు మాట వచ్చిన వేళ కెమెరా ముందు నిలబడిన మనిషి మా జిల్లావాడని తలచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. వెంటనే మనసు కలుక్కుమంటుంది కూడా. ఆ మూడు చిత్రాల్లో ఒక్కటీ మిగల్లేదు. ఆయన పేరుతో నిలిచిన ప్రసాద్ సంస్థే తర్వాతి కాలంలో పాత చిత్రాలను ఫ్రేము ఫ్రేముగా శుభ్రం చేసి డిజిటల్‌గా బతికించే పనిలోకి దిగింది. ఆ పని విలువ తెలియాలంటే, పోయినవాటి జాబితా ముందు కాసేపు ఆగాలి.

ఆయన దర్శకత్వం వహించిన ‘మిస్సమ్మ’ 1955లో వచ్చింది. కథానాయిక పాత్రలో ముందు భానుమతితో కొంతభాగం తీశారు. తర్వాత ఆ పాత్ర సావిత్రికి వెళ్లింది. ఆ తొలి రీళ్లను ఇప్పుడు చూడలేం. అప్పుడు తీసిన స్టిల్ ఫొటో ఎక్కడైనా కంటపడితే నేను చాలాసేపు చూస్తూ ఉండిపోతాను. మనం ఎరిగిన సినిమా పక్కనే, ఎరగని ఇంకో సినిమా అందులో నిలబడి ఉంటుంది. ఒక సినిమా తుది రూపానికి రాకముందు ఎన్ని దారులు తొక్కిందో చెప్పేవి ఇలాంటి ముక్కలే.

పాటల పుస్తకం అన్నది కూడా ఇలాంటిదే. హాలు బయట, ఇంటర్వెల్లో లోపల, సోడాలూ శనక్కాయలతో పాటు అమ్మేవారు. ఇవాళ్టి పిల్లలు దాన్ని చూసి ఉండరు. బడి నోటుబుక్కులో సగం ఉంటుంది. నాసిరకం కాగితం, మధ్యలో రెండు పిన్నులు, అట్ట మీద ఒకే రంగు సిరాతో నాయికా నాయకుల బొమ్మ. లోపల పాత్రలు, పాత్రధారులు, సాంకేతిక నిపుణుల పట్టిక. ఆ తర్వాత కథాసంగ్రహం. కథ మంచి పట్టుకు రాగానే, మిగతాది వెండితెర మీద చూడమని ఆపేస్తారు. అక్కణ్ణుంచి పాటలు, పద్యాలు. వెనక అట్ట మీద తలనూనెదో, టానిక్‌దో ప్రకటన, అచ్చువేసిన ప్రెస్సు పేరు, అణాల్లో వెల. నా దగ్గరున్న వాటిలో ఒకదానికి ముందు అట్ట లేదు. దాని పాత యజమాని ఎవరో పాటల పక్కన పెన్సిల్‌తో సన్నగా స్వరాలు రాసుకున్నారు. ఒకచోట కొట్టేసి మళ్లీ రాశారు. సినిమాను రెండోసారి చూసివచ్చి దిద్దుకున్నారనుకుంటాను. టేపు రికార్డరు లేని రోజుల్లో హాల్లో విన్నదాన్ని చెవిలో మోసుకొచ్చి, ఇంటిదగ్గర దీపం ముందు కూర్చుని రాసుకున్న ఒక శ్రద్ధగల మనిషి ఆ పెన్సిల్ గీతల్లో ఉన్నారు. పోయిన సినిమాకు ఆ పుస్తకమే ఆధారం. ఉన్న సినిమాకైతే ఆ గీతలు ఆధారం, మన ఊళ్లు సినిమాను ఎలా విన్నాయో చెప్పే ఆధారం.

సినిమా రచన సంగతికి వస్తే మన లోటు ఇంకా పెద్దది. బుచ్చిబాబు ఏలూరులో పుట్టాడు. ఆయన రాసిన ‘రాయలవారి కరుణకృత్యం’ నాటిక, దేవన్ షరార్ ఇంగ్లీషులో రాసిన ఒక కథ కలిసి బి.ఎన్. రెడ్డి చేతిలో 1951లో ‘మల్లీశ్వరి’ అయ్యాయి. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రి. చిత్రం మన కళ్లముందుంది, నాటికా అచ్చులో ఉంది. ఆ రెండింటి మధ్య నడిచిన దారిని చూడాలని నా ఆశ. ఏ సన్నివేశం నాటికలోంచి వచ్చింది, ఏది బి.ఎన్. ఊహ, ఏ మాటను కృష్ణశాస్త్రి మూడుసార్లు మార్చాడు? సినిమా రచన నేర్చుకునేవాళ్లకు పూర్తయిన సినిమా కన్నా ఆ మధ్య కాగితాలే పెద్దబడి. అత్తిలి దగ్గర తిరుపతిపురంలో పుట్టిన పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ కథకు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. కథకుడిగా ఆయన్ను చదివాం, పాఠాల్లో పెట్టుకున్నాం. ‘బంగారు పాప’కు రాసిన రచయితగా ఆయన్ను చదవాలంటే స్క్రిప్టు కావాలి. నరసాపురంలో పుట్టిన బాపు, తీయబోయే సినిమాను ముందే బొమ్మలుగా గీసుకునేవాడు. కెమెరా ఎక్కడుండాలో, మనిషి ఎటు చూడాలో ఆ గళ్లలో తేలిపోయేది. ఒక్క ఉమ్మడి పశ్చిమగోదావరి నీళ్లు తాగినవాళ్ల కాగితాలే ఒకచోట చేరిస్తే తెలుగు సినిమా రచనకు పాఠ్యగ్రంథం తయారవుతుంది.

స్క్రిప్టును మనం పనిముట్టుగా చూశాం, రచనగా చూడలేదు. షూటింగు అయిపోగానే ఆ ఫైలుకు పని అయిపోయింది. కాపీలు అసిస్టెంట్ల చేతుల్లో నలిగాయి, ఆఫీసు ఖాళీ చేసినప్పుడు తూకానికి వెళ్లాయి. బెంగాల్లో సత్యజిత్ రాయ్ ఎర్రటి బట్ట అట్టల ఖాతా పుస్తకాల్లో తన స్క్రిప్టులు, దుస్తుల బొమ్మలు, సంగీతం గుర్తులు అన్నీ రాసుకునేవాడు. ఆ పుస్తకాలు ఉండబట్టే ఆయన మనసు ఎలా పనిచేసిందో ఇవాళ్టి కుర్రాళ్లు పేజీ పేజీగా చూడగలుగుతున్నారు. ‘అపు’ చిత్రత్రయం నెగెటివ్‌లు 1993లో లండన్ ల్యాబులో కాలిపోయినా, మిగిలిన ముక్కలకు వేరే ప్రింట్లు జతచేసి ఆ చిత్రాలను మళ్లీ తెరకెక్కించారు. దాచాలన్న పట్టుదల ఉన్నచోట అగ్నిప్రమాదం కూడా ఆఖరిమాట కాలేకపోయింది.

సంగీతానిది ఇంకో దారి. మా మెట్ట ఊళ్లలో పౌరాణిక నాటకం ఆడని శ్రీరామనవమి ఉండేది కాదు. ఒక పెద్ద హార్మోనిస్టు తన చిట్టా పుస్తకం నాకు చూపించారు. పొడుగాటి కోమటి చిట్టా, గుడ్డ అట్ట. ఎడమ వైపు పద్యం మొదటి మాటలు, వాటి పక్కన ఎర్ర సిరాతో రాగం: మోహన, కానడ, సింధుభైరవి. ఆ పక్కన పాత్రధారి పేరు, ఆయన శ్రుతి. ఒకే రాయబారం పద్యం నలుగురు కృష్ణులకు నాలుగు రకాలుగా రాసి ఉంది. ఒకాయన రాగం ఎత్తుగడలోనే పైకి వెళ్తాడు, ఇంకొకాయనకు చివరి పాదం దగ్గరే విడుపు ఇవ్వాలి, మరొకాయనకు వన్స్‌మోర్ ఖాయం కాబట్టి ఊపిరి మిగల్చాలి. ప్రతి పేజీ అడుగునా ఆ నైటుకి ముట్టిన డబ్బు, రావలసిన బాకీ. “ఇది నా బతుకు తెరువు లెక్క బాబూ, దీన్ని ఎవరు చదువుతారు?” అన్నారాయన. నేను చదువుతానన్నాను. నాలాంటివాళ్లు ఇంకా వస్తారని చెప్పాను. తిరుపతి వేంకట కవుల పద్యాలు ప్రతి గ్రంథాలయంలోనూ ఉన్నాయి. ఆ పద్యాలను ఈ మెట్టలో ఎవరెవరు ఎలా పాడారన్న చరిత్ర మాత్రం అలాంటి చిట్టాల్లోనే ఉంది. కొల్లేటి ఒడ్డు ఆటపాకలో పుట్టి, ఏలూరులో వకీలుగా ఉంటూ రంగస్థలాన్ని ఏలిన బందా కనకలింగేశ్వరరావు పేరు చరిత్రకెక్కింది. ఆయనలాంటి వాళ్ల వెనక హార్మోనియం పట్టినవాళ్లు ఎక్కాలంటే ఆ చిట్టాలు బతకాలి.

గ్రామఫోను రికార్డు మనకు ఒక మంచి పాఠం చెబుతుంది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడి, చివర్లో తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పింది. జర్మనీలో రికార్డు అచ్చువేసేవాళ్లకు లేబుల్ మీద ఏ పేరు రాయాలో తెలియడానికి. ఆ అవసరం వల్ల ఆమె పేరు పాటతోపాటే చెక్కుకుపోయింది. అందరికీ ఆ భాగ్యం దక్కలేదు. 1949 నాటి ‘మహల్’ పాట రికార్డు మీద లతా మంగేష్కర్ పేరుకు బదులు సినిమాలో పాత్ర పేరు కామిని అని వేశారు. అంతటి గాయని పేరే లేబుల్ ఎక్కనప్పుడు ఆర్కెస్ట్రాలో వెనకవరుసలో కూర్చున్నవాళ్ల సంగతి చెప్పేదేముంది? మద్రాసులో వి.ఎ.కె. రంగారావు వేల సంఖ్యలో 78 ఆర్.పి.ఎం. రికార్డులు సేకరించి, లేబుళ్లు, నంబర్లు పోల్చి, ఎవరు పాడారో ఎవరు కట్టారో రాస్తూ వచ్చారు. ఒక్క మనిషి ఇల్లు ఒక జాతి సంగీతానికి చిరునామా అయింది.

నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు రేడియోలో ఉండి, వందల ఏళ్ల పాటకవుల చరిత్రను వెలికితీసి ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ రాశారు. ఆ పుస్తకానికి 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన ఆ చరిత్ర రాయగలిగారంటే ఎవరెవరో తాటాకుల్లో, రాతప్రతుల్లో ఆ పాటలను దాచి ఉంచబట్టే. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది. అక్కడ ప్రసారమైన పాటలూ నాటకాలూ మన ఇళ్లను తీర్చిదిద్దాయి. అయితే టేపు ఖరీదైన రోజుల్లో ఉన్న టేపును చెరిపి మళ్లీ వాడుకోవడం రేడియోల్లో మామూలుగా జరిగిన పని. అలా చెరిగినవాటికి ప్రసార పట్టికలూ, కళాకారుల చేతిరాత కాగితాలే మిగిలిన గుర్తులు. రేపటి రజనీకాంతరావు చేతికి అవైనా అందాలి.

సేకరించే మనిషి ఒక్కడే అయితే భయం ఉంది. ఆయన తర్వాత ఏమిటన్న ప్రశ్న ప్రతి బీరువా మీదా వేలాడుతూ ఉంటుంది. తమిళనాడులో కోట్టైయూరు రోజా ముత్తయ్య చెట్టియార్ సినిమా పాటల పుస్తకాలు, నాటకాల నోటీసులు, పాత పత్రికలు జీవితమంతా పోగుచేశాడు. ఆయన పోయాక ఆ సేకరణ చెల్లాచెదురు కాకుండా షికాగో విశ్వవిద్యాలయం ముందుకొచ్చింది. దానితో 1994లో చెన్నైలో రోజా ముత్తయ్య పరిశోధన గ్రంథాలయం ఏర్పడింది. ఒక మనిషి ఇష్టం ఒక జాతి ఆస్తిగా మారడానికి కావలసిందల్లా సరైన వేళకు తలుపు తెరిచిన ఒక సంస్థ. దేశం మొత్తానికి పుణెలో 1964లో నెలకొన్న జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ ఉంది. పి.కె. నాయర్ అక్కడ పాతికేళ్లకు పైగా రీళ్ల కోసం ఊళ్లు తిరిగాడు. దాచినదానికి ఆదరణ ఉంటుందా అని అనుమానించేవాళ్లకు 2024 సెప్టెంబర్ జవాబు చెప్పింది. నటుడు అక్కినేని నాగేశ్వరరావు శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ ‘దేవదాసు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ లాంటి చిత్రాలను దేశంలోని పలు నగరాల హాళ్లలో మళ్లీ వేసింది. డెబ్బై ఏళ్ల కిందటి చిత్రాలు తెరమీదికి రాగలిగాయంటే వాటి నెగెటివ్‌నో ప్రింటునో ఎవరో కాపాడి ఉంచారు కాబట్టి.

ఇదంతా చెన్నైదో పుణెదో పని అని మనం తప్పుకోలేం. పెద్ద సంస్థలకు రీళ్లు చేరతాయి, చింతలపూడి హార్మోనిస్టు చిట్టా చేరదు. తాడేపల్లిగూడెంలో రేలంగి కట్టించిన రేలంగి చిత్రమందిర్‌లాంటి హాళ్ల నోటీసులు, టూరింగ్ టాకీసుల టికెట్ పుస్తకాలు, నాటక సమాజాల గ్రూపు ఫొటోలు ఇక్కడి ఇళ్ల అటకల మీదే ఉన్నాయి. చెదలుకూ, కొల్లేటి వరదకూ ఎదురుగా ఉన్నాయి. 1914లో బెజవాడలో గ్రంథాలయాల సభ జరుపుకున్న జాతి మనది. ఊరూరా పుస్తకాలను చేర్చుకున్న ఆ చేతులతోనే ఈ కాగితాలనూ చేర్చుకోవచ్చు. ఏలూరు జిల్లా గ్రంథాలయంలో ఒక గది, శాఖా గ్రంథాలయాల్లో ఒక్కో ఇనప బీరువా, తెలుగులో రాసిన ఒక పట్టిక ఉంటే పని మొదలవుతుంది. పట్టికలో వస్తువు పేరుతో పాటు ఎవరింటి నుంచి వచ్చిందో, ఏ ఊరిదో తప్పక ఉండాలి. ఆ వివరం లేకపోతే వస్తువు సగం మూగబోతుంది.

ఇంట్లో చేయగలిగిందీ ఉంది. పాత కాగితానికి లామినేషన్ చేయించకండి, సెల్లో టేపు అంటించకండి. అవి కాపాడుతున్నట్టే కనిపించి లోపల తినేస్తాయి. నేలకు ఎత్తుగా, గోడకు ఎడంగా, పొడిగా ఉంచండి. ఫోనుతో ఫొటో తీసుకుని అసలుదాన్ని పారేయకండి. ఫొటో అక్షరాలను చూపిస్తుంది, సిరానూ కాగితాన్నీ చూపించలేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, గ్రూపు ఫొటో వెనక మెత్తటి పెన్సిల్‌తో ఎడమ నుంచి కుడికి పేర్లు రాయండి. తబలా దగ్గర కూర్చున్నదెవరో, తెర లాగినదెవరో, స్త్రీపాత్ర వేసినదెవరో చెప్పగల పెద్దవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. రీలును ల్యాబులు కాపాడతాయి, పాటను జనం కాపాడతారు. ఆ పేర్లు మాత్రం ఈ పెద్దవాళ్లకే తెలుసు. అవి రాసుకోవలసిన గడువు వాళ్ల ఆయుష్షు. అందుకే ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయకూడదని అడుగుతున్నాను.